చెవి ముందు, చెయ్యి తర్వాత
(పియానో విద్వాంసుడు, గురువు లియోన్ ఫ్లైషర్ స్మృతిలో చేసిన ఉపన్యాసానికి అచ్చు రూపం)



ఏటా ఒక సంగీత గురువును తలచుకునే ఈ వేదిక మీద ఈసారి పాశ్చాత్య సంగీతానికి చెందిన ఒక పియానో విద్వాంసుడి గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు వెంటనే ఒప్పుకున్నారు. అందుకు వారికి కృతజ్ఞుణ్ణి. లియోన్ ఫ్లైషర్ 1928 జూలై 23న శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టారు. 2020 ఆగస్టు 2న బాల్టిమోర్‌లో కన్నుమూశారు. తొంభై రెండేళ్ల జీవితం. అందులో రెండు చేతులతో లోకం మెచ్చేలా వాయించినది తొలి యౌవనంలో ఇరవై ఏళ్లు. కుడిచెయ్యి మాట వినని కాలం ముప్పై ఏళ్లు. పాఠం చెప్పినది అరవై ఏళ్లు. ఆయన గురించి రాసేవాళ్లలో చాలామంది ఆ నడిమి కష్టాన్ని, ఆ తర్వాత చెయ్యి తిరిగి కదలడాన్ని అద్భుతంలా చెబుతారు. నాకు మాత్రం పాఠం చెప్పిన ఆ అరవై ఏళ్లే ముఖ్యం. చెయ్యి పోవడం ఆయన్ని ఎలాంటి గురువుగా మలిచిందో చెప్పడానికే ఇవాళ వచ్చాను. పియానో మన వాద్యం కాకపోవచ్చు. కానీ పిల్లలకు వీణో వయొలినో చెప్పుకునే మనలో ప్రతి ఒక్కరికీ ఆ కథలో పని ఉంది.

ఫ్లైషర్ తల్లిదండ్రులు తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదులు. తండ్రిది ఒడెస్సా, తల్లిది పోలండులోని హెల్మ్. తండ్రి టోపీల వ్యాపారం చేసేవారు. తల్లి కొడుకు కోసం రెండే దారులు చూసుకున్నారు: అమెరికాకు తొలి యూదు అధ్యక్షుడైనా కావాలి, గొప్ప పియానో విద్వాంసుడైనా కావాలి. మొదట పాఠాలు పెట్టించింది పెద్దకొడుక్కి. మాస్టారు చెప్పి వెళ్లగానే పెద్దవాడు ఆటకు పరుగెత్తేవాడు. చిన్నవాడు పీటెక్కి, అప్పటిదాకా విన్నదంతా వాయించేసేవాడు. దాంతో పాఠాలు చిన్నవాడికి మారాయి. అప్పటికి అతనికి నాలుగేళ్లు. ఈ సంగతి దగ్గర కాస్త ఆగుదాం. ఆ పిల్లవాడికి సంగీతం మొదట వేళ్లలోకి రాలేదు. ఎవరికో చెబుతున్న పాఠం పక్కనుంచి వింటూ ఉంటే చెవిలో పడింది. ఎనిమిదేళ్లకే తొలి కచేరీ చేశాడు.

ఆ రోజుల్లో యూరప్‌లో బీథోవెన్ అంటే పియానో విద్వాంసుడు ఆర్టర్ ష్నాబెల్ అనే చెప్పుకునేవారు. బీథోవెన్ రాసిన 32 పియానో సొనాటాలనూ మొట్టమొదట రికార్డు చేసినది ఆయనే. 1932లో మొదలుపెట్టి 1935 దాకా లండన్‌లో ఆ పని చేశారు. ఆ మధ్యలోనే, 1933లో, హిట్లర్ అధికారంలోకి రావడంతో బెర్లిన్ విడిచిపెట్టారు. చిన్నపిల్లలకు పాఠం చెప్పకూడదని ఆయనకొక నియమం. శాన్ ఫ్రాన్సిస్కోలో ఆల్ఫ్రెడ్ హెర్ట్స్ అనే ఆర్కెస్ట్రా కండక్టర్ ఉండేవారు. ఆయన, ఆయన భార్య ఒక ఉపాయం పన్నారు. ఆ ఊరికి వచ్చిన ష్నాబెల్‌ను భోజనానికి పిలిచారు. ఆయన భోజనం చేస్తుండగా కుర్రవాణ్ణి కింది అంతస్తు గుండా లోపలికి తెచ్చి పియానో ముందు కూర్చోబెట్టారు. భోజనాల గది తలుపులు తెరుచుకునేసరికి పిల్లవాడు సిద్ధంగా ఉన్నాడు. లిస్ట్ రచన ఒకటి, బీథోవెన్ కన్సర్టోలోని ఒక కెడెంజా, అంటే ఆర్కెస్ట్రా ఆగి పియానో ఒంటరిగా వినిపించే భాగం, వాయించాడు. ష్నాబెల్ నియమం సడలించుకున్నారు. ఒక్క షరతు మాత్రం పెట్టారు: తన దగ్గర చదువుకున్నంత కాలం బహిరంగ కచేరీలు చేయకూడదు. బాలమేధావి అని చూపించుకుని డబ్బు చేసుకునే అవకాశం ఎదురుగా ఉన్న కుటుంబం ఆ షరతుకు తలవంచింది. ఆ తల్లిదండ్రుల త్యాగాన్ని మనం తక్కువ అంచనా వేయకూడదు.

1938లో పదేళ్ల ఫ్లైషర్ ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున ఉన్న ట్రెమెట్సో అనే ఊరికి వెళ్లాడు. ష్నాబెల్ వేసవి పాఠాలు చెప్పేది అక్కడే. యుద్ధం ముంచుకొచ్చాక గురువు న్యూయార్క్ చేరారు, శిష్యుడూ అక్కడికే చేరాడు. పదేళ్ల శుశ్రూష. ఆ పాఠం ఒక్కరికి ఒక్కరు చెప్పే పాఠం కాదు. ఒకరు వాయిస్తుంటే మిగిలిన శిష్యులంతా కూర్చుని వినేవారు. గురువు పక్కనే రెండో పియానో దగ్గర ఉండేవారు. ఎవరి వంతు వచ్చినా, పాఠం అందరిదీ. అలా ఒక్కొక్కరు తాము వాయించని రచనలు కూడా పదుల కొద్దీ నేర్చుకునేవారు. వేళ్ల కసరత్తుల గురించి ష్నాబెల్ దాదాపుగా మాట్లాడేవారు కాదు. స్వరం ఎటు పోతోంది, ఎక్కడ ఊపిరి తీస్తోంది, ఎక్కడ బరువు దించుకుంటోంది అన్నవే ఆయన మాటలు. ఒకప్పుడు ఆయన గురువు లెషెటిట్స్కీ ఆయనతో, నువ్వెప్పటికీ పియానిస్టువి కాలేవు, నువ్వు సంగీతకారుడివి అన్నారని అంటారు. ఆ మాటను ష్నాబెల్ జీవితాంతం గర్వంగా మోశారు.

ఇక్కడ ఒక పరంపర చెప్పాలి. బీథోవెన్ శిష్యుడు కార్ల్ చెర్నీ. చెర్నీ శిష్యుడు లెషెటిట్స్కీ. ఆయన శిష్యుడు ష్నాబెల్. ఆయన శిష్యుడు ఫ్లైషర్. బీథోవెన్ 1770లో పుట్టాడు. మన త్యాగరాజస్వామి 1767లో. త్యాగయ్య నుంచి మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన నుంచి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన నుంచి పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన నుంచి 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ. అక్కడా నాలుగు మెట్లు, ఇక్కడా నాలుగు మెట్లు. రెండేళ్ల తేడాలో పుట్టిన ఫ్లైషర్‌కు, బాలమురళీకృష్ణకు ఒకరితో ఒకరికి సంబంధం లేదు. కానీ గురుపరంపర మన సొత్తు మాత్రమే అనుకునే మనవాళ్లకు ఈ వంశవృక్షాన్ని చూపించాలని నాకు చాలాకాలంగా కోరిక. అక్కడ సంగీతమంతా కాగితం మీద ఉంటుంది కదా, గురువెందుకు అని అడుగుతారు. కాగితం మీద స్వరాలు ఉంటాయి. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎలా వెళ్లాలో కాగితం పూర్తిగా చెప్పలేదు. అది ఎదురుగా కూర్చుని విన్నవాళ్లకే అందుతుంది.

షరతు సడలిన తర్వాత ఎదుగుదల వేగంగా సాగింది. 1944లో పదహారేళ్ల వయసులో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో, పియర్ మాంట్యూ సారథ్యంలో, కార్నెగీ హాల్లో బ్రామ్స్ తొలి కన్సర్టో వాయించారు. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీలో ప్రథమ బహుమతి వచ్చింది. ఆ పోటీ గెలిచిన తొలి అమెరికన్ ఆయనే. తర్వాత జార్జ్ సెల్ సారథ్యంలోని క్లీవ్లాండ్ ఆర్కెస్ట్రాతో కలిసి చేసిన రికార్డింగులు వచ్చాయి: బ్రామ్స్ కన్సర్టోలు రెండూ, బీథోవెన్ కన్సర్టోలు ఐదూ, షూమాన్, గ్రీగ్. సెల్ మహా కఠినుడు. ఆర్కెస్ట్రాలో ఒక్క అపస్వరాన్ని సహించని మనిషి. అంతటి మనిషి పదే పదే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్న సోలోయిస్టు ఈ యువకుడు. 1958 నాటి బ్రామ్స్ మొదటి కన్సర్టో రికార్డింగు దొరికితే తప్పక వినండి. ఆర్కెస్ట్రా ఉరుములా మొదలవుతుంది. చాలాసేపటికి పియానో లోపలికి వస్తుంది. అంత ఆర్భాటం తర్వాత ఇంకే పియానిస్టుకైనా తన బలం చూపించాలనిపిస్తుంది. ఫ్లైషర్ ఆ ప్రవేశాన్ని ఒక మనిషి ఆలోచిస్తూ మాట్లాడుతున్నంత నెమ్మదిగా వాయిస్తారు. ముప్పై ఏళ్ల మనిషికి అంత నిగ్రహం ఎక్కడిదని నాకిప్పటికీ ఆశ్చర్యం.

1964లో కుడిచేతి వేళ్లు తేడా చేయసాగాయి. ముందు ఏదో మొద్దుబారినట్టు అనిపించింది. తర్వాత ఉంగరపు వేలు, చిటికెన వేలు తమంతట తామే అరచేతిలోకి ముడుచుకోవడం మొదలుపెట్టాయి. కొద్ది నెలల్లోనే ఆ రెండు వేళ్లనీ చాచడం సాధ్యం కాలేదు. 1965లో సెల్‌తో, క్లీవ్లాండ్ ఆర్కెస్ట్రాతో కలిసి సోవియట్ యూనియన్ పర్యటనకు వెళ్లవలసి ఉంది. వెళ్లలేకపోయారు. అప్పటికి ఆయనకు ముప్పై ఆరేళ్లు. పియానో విద్వాంసుడి జీవితంలో అసలైన పంట చేతికొచ్చే వయసు అది.

ఆయనకు వచ్చిన జబ్బును ఇప్పుడు ఫోకల్ డిస్టోనియా అంటున్నారు. అప్పట్లో దాన్ని గుర్తించే వైద్యులే దొరకలేదు. ఇది కండరాల జబ్బు కాదు, మెదడుది. మెదడులో ఒక్కో వేలికి ఒక్కో చోటు ఉంటుంది. ఒకే కదలికను ఏళ్ల తరబడి, అతివేగంగా, అతి సూక్ష్మంగా చేసేవారిలో కొందరికి ఆ చోట్ల సరిహద్దులు చెరిగిపోతాయి. ఒక వేలికి పంపిన ఆజ్ఞ పక్క వేలికీ చేరుతుంది. వేలిని చాచే కండరం, ముడిచే కండరం రెండూ ఒకేసారి బిగుసుకుంటాయి. చాలామందికి నొప్పి ఉండదు. విచిత్రమేమిటంటే, ఆ చేత్తోనే వేరే పనులు చేసుకోవచ్చు. వాయించబోతేనే వేళ్లు ముడుచుకుంటాయి. వృత్తి వాద్యకారుల్లో సుమారు నూటికొకరికి ఇది వస్తుందని వైద్యుల అంచనా. ఫ్లైషర్ తనకు తెలిసిన ఒకే ఒక్క మందు వేసుకున్నారు: ఇంకా ఎక్కువ సాధన. రోజుకు ఏడెనిమిది గంటలు. వేళ్లు మొరాయించేకొద్దీ ఇంకా గట్టిగా. తన ఆ మొండితనమే జబ్బును ముదరబెట్టిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు, పిల్లలకు పదేపదే చెప్పారు.

ఆ తర్వాతి రెండేళ్లు చీకటి. కుటుంబం చెదిరింది. బతకాలా వద్దా అన్నంత వరకూ వెళ్లారని ఆయనే చెప్పుకున్నారు. మర్దనలు, ఇంజెక్షన్లు, హిప్నాటిజం, మానసిక చికిత్స, ధ్యానం, చివరికి మణికట్టుకు శస్త్రచికిత్స: ఎవరు ఏది చెబితే అది చేశారు. ఈ భాగాన్ని నేను పొడిగించను. ఇతరుల దుఃఖాన్ని విడమరిచి చెప్పుకోవడంలో నాకు రుచి లేదు.

నిజంగా విడమరిచి చెప్పవలసింది పాఠంలో వచ్చిన మార్పు. 1959 నుంచే ఆయన బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత విద్యాలయంలో ఆచార్యులు. చెయ్యి బాగున్న రోజుల్లో ఆయన పద్ధతి, మనలో చాలామంది పద్ధతే. శిష్యుడు సరిగ్గా వాయించకపోతే, జరుగు, ఇలా అని తానే కూర్చుని వాయించి చూపించేవారు. శిష్యుడు అది చూసి అనుకరించేవాడు. చెయ్యి పోయాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు చెప్పాలి, మాటల్లో. ఈ స్వరం ఎందుకు బరువుగా ఉండాలి? ఈ పదబంధం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? ఈ నిశ్శబ్దం ఎంతసేపు? ఇవన్నీ తన వేళ్లకు ఎప్పుడో తెలుసు, నోటికి తెలియవు. నోటికి తేవాలంటే ముందు తానే మళ్లీ వినాలి, మళ్లీ ఆలోచించాలి. తాను మెరుగైన గురువునైనది అప్పుడేనని ఫ్లైషర్ చాలాసార్లు చెప్పారు. అది వినయంతో అన్న మాట కాదు. అనుకరణ మీద నడిచే పాఠం గురువు ఎంతవరకు వాయించగలడో అంతవరకే తీసుకెళుతుంది. కారణం చెప్పే పాఠానికి ఆ హద్దు లేదు. శిష్యుడు తన వేళ్లతో, తన స్వభావంతో ఆ కారణానికి జవాబు వెతుక్కోవాలి. అందుకే ఆయన శిష్యుల్లో ఏ ఇద్దరి వాయింపూ ఒకేలా ఉండదు. ఆండ్రే వాట్స్ వేరు, యెఫిమ్ బ్రాన్ఫ్‌మన్ వేరు, లూయీ లోర్తీ వేరు, ఎలెన్ గ్రిమో వేరు, జొనాథన్ బిస్ వేరు.

ఆండ్రే వాట్స్ సంగతి కాస్త చెప్పాలి. 1963లో పదహారేళ్ల వాట్స్ లెనార్డ్ బర్న్‌స్టైన్ సారథ్యంలో వాయించి ఒక్కరోజులో దేశమంతా తెలిసిపోయాడు. కచేరీలు వరసకట్టాయి. అలాంటి కుర్రవాడు మళ్లీ విద్యార్థిగా పీబాడీలో చేరి, ఏళ్ల తరబడి ఫ్లైషర్ ముందు కూర్చున్నాడు. అప్పటికి గురువు కుడిచెయ్యి పనిచేయడం లేదు. లోకం చప్పట్లు కొడుతున్న శిష్యుడికి, వాయించలేని గురువు చెప్పడానికి ఏం మిగిలిందో ఆలోచించండి. మిగిలినదంతా వినడమే.

ఆయన పాఠంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన ఆలోచన ఒకటుంది. వాయించే ప్రతివాడిలో ముగ్గురు మనుషులు ఉండాలని చెప్పేవారు. మొదటివాడు, మీట నొక్కకముందే ఆ ధ్వని ఎలా ఉండాలో లోపల వినేవాడు. రెండోవాడు, మీటలు నొక్కేవాడు. మూడోవాడు, కాస్త దూరంగా కూర్చుని ఇప్పుడు బయటికి వచ్చిన ధ్వనిని వినేవాడు. మొదటివాడు కోరినది, మూడోవాడు విన్నది ఒకటి కాకపోతే మూడోవాడు రెండోవాడికి చెప్పాలి. ఈ ముగ్గురూ ఏకకాలంలో, ఆగకుండా పనిచేయాలి. మనం పిల్లలకు సాధన అంటూ ఏం చెబుతున్నాం? సరళీ స్వరాలు, జంట స్వరాలు, మూడు కాలాలు, మళ్లీ, మళ్లీ. రెండోవాణ్ణి మాత్రమే పెంచుతున్నాం. మొదటివాడు నిద్రపోతుంటాడు, మూడోవాణ్ణి ఎవరూ పిలవరు. లోపల వినకుండా వందసార్లు వాయించినవాడు, వినకుండా వాయించడాన్నే వందసార్లు సాధన చేసినట్టు. ఇది మన సరళీ వరసలకు వ్యతిరేకంగా అంటున్న మాట కాదు. ప్రతి వరసకూ ముందు పిల్లవాణ్ణి ఒక్క క్షణం ఆపి, ఎలా వినిపించాలనుకుంటున్నావో ముందు పాడి చూపించు అని అడగమంటున్నాను. మన దగ్గర వాద్యం నేర్చేవాళ్లు ముందు గాత్రం నేర్చుకోవాలన్న పాత పద్ధతిలో ఈ తెలివే ఉంది. మనమే దాన్ని జారవిడుచుకున్నాం.

లయ గురించి ఆయన చెప్పేది కూడా ఇలాంటిదే. స్వరాన్ని ఆలస్యం కాకుండానే వీలైనంత ఆలస్యంగా వేయమనేవారు. ఇది ష్నాబెల్ నుంచి వచ్చిన పాఠం. తాళం దెబ్బను ముందే పట్టుకోవాలని తొందరపడే వేలికి కళ్లెం అది. స్వరం పడేలోగా ఉన్న జాగాలోనే సంగీతం కదులుతుందని ఆయన నమ్మకం. మృదంగ విద్వాంసులు ఇక్కడ ఉన్నారు. ఆ జాగా విలువ నాకంటే వారికే బాగా తెలుసు.

గురువుగా ఒకవైపు ఎదుగుతూనే, వాయించడాన్ని ఆయన వదిలేయలేదు. ఎడమచేతికి మాత్రమే రాసిన సంగీతం వైపు తిరిగారు. ఆ సంగీతం ఉండటానికే ఒక యుద్ధం కారణం. పాల్ విట్గెన్‌స్టైన్ అనే వియన్నా పియానిస్టు, తత్త్వవేత్త లుడ్విగ్ విట్గెన్‌స్టైన్‌కు అన్న, మొదటి ప్రపంచయుద్ధం మొదలైన ఏడాదే కుడిచెయ్యి కోల్పోయాడు. సంపన్నుడు కావడంతో ఆనాటి మేటి స్వరకర్తలకు డబ్బిచ్చి తన ఎడమచేతికి రచనలు చేయించుకున్నాడు. రవేల్ కన్సర్టో అలా పుట్టింది. ప్రొకోఫియెవ్ నాలుగో కన్సర్టో కూడా అలాగే. దాన్ని మాత్రం విట్గెన్‌స్టైన్ వాయించడానికే ఒప్పుకోలేదు. రవేల్ రచన విన్నవాళ్లకు, కళ్లు మూసుకుంటే, ఒక్క చెయ్యే వాయిస్తోందని నమ్మబుద్ధి కాదు. అందులోని కిటుకు చెయ్యి నిర్మాణంలోనే ఉంది. ఎడమచేతిలో బలమైన బొటనవేలు కుడివైపు, అంటే పై స్వరాల వైపు ఉంటుంది. కాబట్టి పాటను బొటనవేలు పాడుతుంది, మిగతా నాలుగూ కింద అండగా నడుస్తాయి. మంద్ర స్వరాన్ని నొక్కి, పెడల్‌తో దాన్ని మోగుతూ ఉంచి, చెయ్యి పైకి దూకుతుంది. వినేవాడికి రెండు చేతుల నిండుదనం. ఫ్లైషర్ ఈ రచనను ఏళ్ల తరబడి దేశదేశాల్లో వాయించారు. కొత్త రచనలూ ఆయన కోసం వచ్చాయి. ఇలాగే కుడిచేతి బాధ వచ్చిన మరో అమెరికన్ పియానిస్టు గ్యారీ గ్రాఫ్‌మన్, ఫ్లైషర్, ఇద్దరూ కలిసి రెండు ఎడమ చేతులతో వాయించేలా విలియం బోల్కమ్ ఒక కన్సర్టో రాశారు. 1996లో బాల్టిమోర్‌లో వినిపించారు.

వీటన్నిటిలో నా మనసు నిలిచేది ఒక పాత రచన దగ్గర. బాఖ్ ఒంటరి వయొలిన్ కోసం రాసిన శకోన్‌ను బ్రామ్స్ 1877లో ఎడమచేతి పియానోకు మలిచి, క్లారా షూమాన్‌కు పంపాడు. ఆ సమయానికి క్లారా కుడిచెయ్యి దెబ్బతిని ఉంది. నాలుగు తీగల వయొలిన్‌కున్న పరిమితిని, దాని పెనుగులాటను పియానో మీద అనుభవించాలంటే ఒక చెయ్యి కట్టేసుకోవాలని బ్రామ్స్ గ్రహించాడు. వయొలిన్ పాఠం చెప్పుకునే నాకు ఆ రచన రెండు వైపుల నుంచీ తెలుసు. ఫ్లైషర్ దాన్ని వాయించడం వింటే లోటు అన్న ఊహే రాదు. ఆ సంగీతానికి అంతకుమించి అక్కర్లేదనిపిస్తుంది.

కండక్టర్‌గానూ పనిచేశారు. 1970 నుంచి 1982 దాకా అనాపొలిస్ సింఫనీకి, ఆ మధ్యలో కొన్నేళ్లు బాల్టిమోర్ సింఫనీలో. 1986 నుంచి 1997 దాకా టాంగిల్‌వుడ్ సంగీత కేంద్రానికి కళా దర్శకులు. 1982లో బాల్టిమోర్‌లో కొత్త కచేరీ మందిరం మేయర్‌హాఫ్ హాల్ తెరిచినప్పుడు రెండు చేతులతో వేదిక ఎక్కారు. ముందు బీథోవెన్ నాలుగో కన్సర్టో అనుకున్నారు. చెయ్యి సహకరించదని తెలిసి సెజార్ ఫ్రాంక్ రచనకు మార్చుకున్నారు. దేశమంతా టీవీలో చూసింది, సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆయనకు మాత్రం చెయ్యి ఇంకా బాగుపడలేదని తెలుసు. జనం తిరిగొచ్చాడని పండగ చేసుకుంటున్నా, తాను మళ్లీ ఎడమచేతి రచనలకే వెళ్లిపోయారు. ఆ నిర్ణయంలోని నిజాయితీ ఆ కచేరీ కంటే గొప్పదని నా అభిప్రాయం. చప్పట్లను నమ్మకుండా తన చెవిని నమ్మాలంటే గుండెధైర్యం కావాలి.

1990లలో దారి దొరికింది. రోల్ఫింగ్ అనే లోతైన మర్దన ఏళ్ల నుంచి బిగుసుకున్న చేతిని కొంత వదులు చేసింది. ఆపైన బొటాక్స్ ఇంజెక్షన్లు. నాడి నుంచి కండరానికి చేరే రసాయన సందేశాన్ని ఆ మందు కొన్ని నెలలపాటు ఆపుతుంది. అతిగా ముడుచుకునే కండరం సడలితే వేలు చాచుకునే వీలు కలుగుతుంది. మందు ప్రభావం తగ్గగానే మళ్లీ ఇంజెక్షన్. అది నయం కావడం కాదని, జీవితాంతం జాగ్రత్తగా కాపాడుకోవలసిన వెసులుబాటు మాత్రమేనని ఆయన అందరికీ చెప్పేవారు. 1995లో క్లీవ్లాండ్ ఆర్కెస్ట్రాతో మోజార్ట్ కన్సర్టో వాయించారు. 2004లో, నలభై ఏళ్ల తర్వాత, రెండు చేతులతో తొలి రికార్డు వెలువడింది. దాని పేరే రెండు చేతులు. అదే ఏడాది చివర బెర్లిన్‌లో సైమన్ రాటిల్ సారథ్యంలో ఒక విశేషం జరిగింది. హిండెమిత్ 1923లో విట్గెన్‌స్టైన్ కోసం ఎడమచేతి కన్సర్టో ఒకటి రాశాడు. విట్గెన్‌స్టైన్‌కు అది నచ్చక బీరువాలో పెట్టేశాడు. ఆయన భార్య మరణించాక ఆ ప్రతి బయటపడింది. రాసిన ఎనభై ఏళ్లకు దాన్ని మొట్టమొదట లోకానికి వినిపించినది డెబ్బై ఆరేళ్ల ఫ్లైషర్.

2007లో కెన్నెడీ సెంటర్ గౌరవం వచ్చినప్పుడు, ఇరాక్ యుద్ధం నడిపిస్తున్న ప్రభుత్వాధిపతి ఇంట్లో జరిగే విందుకు వెళ్లడం తనకెంత ఇబ్బందిగా ఉందో పత్రికలో రాశారు. తనలోని కళాకారుణ్ణి, పౌరుణ్ణి విడదీసుకోని మనిషి.

ఇప్పుడు మన ఊళ్లలోని గురువులతో ఒక మాట. వేలు మొద్దుబారిందని, మణికట్టు లాగుతోందని పిల్లలు చెబితే, సాధన చాలక అంటాం. ఇంకో గంట వాయించమంటాం. ఓర్చుకోవడమే తపస్సు అని నేర్పుతాం. వీణ మీద గమకానికి తీగ లాగే వేళ్లు, మృదంగం వాయించే మణికట్టు, గంటల తరబడి మెడ కింద వయొలిన్ నొక్కిపెట్టుకునే భుజం, ఇప్పుడు గ్రేడు పరీక్షల కోసం కీబోర్డు మీద ఒకే మూడు పాటలు ఏడాదంతా దంచే చిన్నపిల్లల చేతులు: వీటన్నిటికీ హద్దులున్నాయి. ఫ్లైషర్ తన చేతి సంగతి దాచుకుని ఉన్నా ఆయన గొప్పతనానికి లోటేమీ వచ్చేది కాదు. ఆయన దాచలేదు. విద్యార్థులకు, వైద్యులకు, పత్రికలకు చెప్పారు. 2006లో నథానియెల్ కాన్ తీసిన చిన్న డాక్యుమెంటరీలో చెయ్యి చాచి చూపించారు. ఈ జబ్బున్న వాద్యకారుల్లో చాలామంది కచేరీలు పోతాయని భయపడి ఎవరికీ చెప్పుకునేవారు కాదు. ఆయన నోరు విప్పాక చాలామంది డాక్టరు దగ్గరికి వెళ్లారు. మన సంగీత కళాశాలల్లో పాఠ్యప్రణాళికలు తిరగరాసేవారు ఈ సభలో ఉంటే, వాద్యం నేర్చే విద్యార్థికి చెయ్యి ఎలా పనిచేస్తుందో, అలసట ఎప్పుడు ప్రమాదమో చెప్పే పాఠం ఒక్కటి చేర్చండి. నొప్పి ఉందని చెప్పిన విద్యార్థికి మార్కులు తగ్గకుండా చూడండి. నేను ఈ సభను కోరేది ఇంతే, కానీ గట్టిగా కోరుతున్నాను.

ఫ్లైషర్ చివరి వేసవి దాకా పాఠం చెబుతూనే ఉన్నారు. 2020లో విద్యాలయాలు మూతపడ్డాక తెర మీదుగా చెప్పారు. పాఠాల్లో ఎన్నిటినో శిష్యులు, విద్యాలయాలు చిత్రీకరించి పెట్టాయి. ఆ వీడియోలు చూసేటప్పుడు ఒక సంగతి గమనించండి. విద్యార్థి వాయిస్తున్నంతసేపూ ఆయన చేతుల వైపు దాదాపుగా చూడరు. తల కొద్దిగా వంచి వింటారు. ఆపినప్పుడు కూడా, తప్పు వేసిన వేలి గురించి కాదు, ఆ పదబంధం ఎక్కడికి వెళ్లాలనుకుందో అడుగుతారు. విద్యార్థి తడబడుతూ ఏదో చెబుతాడు. అయితే అదే వాయించు అంటారు. రెండోసారి వాయించినప్పుడు ధ్వని మారిపోతుంది. వేళ్లు అవే.

ఇప్పుడు మూడు రికార్డింగులు వినిపిస్తారు: 1958 నాటి బ్రామ్స్ మొదటి కన్సర్టోలో పియానో ప్రవేశం, ఎడమచేతి శకోన్‌లో కొంత, 2004 నాటి రికార్డులోంచి షూబర్ట్ బి ఫ్లాట్ సొనాటా మొదటి భాగం. షూబర్ట్ చనిపోయిన ఏడాది, 1828లో రాసిన సొనాటా అది. మొదటి పాట ముగిసీ ముగియగానే అడుగున, మంద్రంలో, మెల్లగా ఒక కంపిత స్వరం మోగుతుంది. దాని తర్వాత ఒక విరామం. ఆ విరామాన్ని ఫ్లైషర్ ఎంతసేపు ఉంచారో విద్యార్థులు ప్రత్యేకంగా వినండి. విన్నాక, ఇంకాస్త తక్కువైతే ఏమయ్యేదో, ఇంకాస్త ఎక్కువైతే ఏమయ్యేదో మీలో మీరు వాదించుకోండి. ఆ చర్చకు కూర్చోదలచినవారి కోసం ఈ హాలును రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచుతామని నిర్వాహకులు చెప్పారు.